వానలో ఆగిన కారు

ఆ సీజన్‌లో నేను అరవని ఆదివారం లేదు.

నిజానికి అరవడం నా ఉద్యోగం కాదు. రేసు ఇంజనీరు అనేవాడు పిట్ గోడ దగ్గర, అంటే కార్లు ఆగి చక్రాలు మార్చుకునే చోట, ఎత్తైన స్టూలు మీద కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎదురుగా తెరల మీద పరిగెత్తే అంకెల్ని చూస్తూ, కారు నడిపేవాడికి నెమ్మదిగా విషయాలు చెప్పాలి. ముందున్నవాడు ఎంత దూరంలో ఉన్నాడు, టైర్లు ఎంత అరిగాయి, ఏ మలుపు దగ్గర చినుకులు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి నేను అలాగే చెప్పాను. నా గొంతు వింటుంటే నిద్రొస్తోందని అంతకుముందు ఒక డ్రైవరు ఫిర్యాదు కూడా చేశాడు. కాని ఆ ఏడు నేను మాట్లాడాల్సిన డ్రైవరు నా సొంత బావమరిది.

వాణ్ణి అందరూ చిన్నోడు అనేవాళ్ళు. అది ఇంట్లో నా భార్య పిలిచే పిలుపు. ఒకసారి రేడియోలో నేను నోరు జారి అలా పిలిస్తే, టీవీలో ప్రపంచమంతా విని, ఆ పేరే ఖాయం చేసేసింది. వాడు మా మేడమీది గదిలోనే ఉండేవాడు. పొద్దున వాడు మెట్లు దిగే చప్పుడుకి కిటికీ అద్దాలు అదిరేవి. రేడియోలో నాతో ప్రతి మాటకీ వాదించేవాడు. వాదించి వాదించి, చివరికి నేను చెప్పినట్టే చేసేవాడు.

మా టీం గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఉన్న టీముల్లో మాది ఆఖరుదా, ఆఖరుకి ముందుదా అన్నదే ఏటా తేలాల్సిన విషయం. మాకు రెండు కార్లు. ఒకటి చిన్నోడిది, రెండోది గురువుగారిది. గురువుగారు వయసులో అందరికన్నా పెద్ద. అడిగినవాడికీ అడగనివాడికీ సలహాలు చెప్పేవాడు కాబట్టి ఆ పేరు. చెడ్డవాడు కాదు. ఏ రేసులోనూ తొందరపడడు, ఏ రేసూ గెలవడు.

మొదటి రేసులో మేము మొదటి మలుపు కూడా దాటలేదు. దొరబాబు లోపలివైపు నుంచి దూసుకొచ్చి చిన్నోడి వెనక చక్రాన్ని గుద్దాడు. ఆ పేరు మా మెకానిక్‌లు పెట్టింది. అతని తండ్రికి పెద్ద టీం ఒకదానిలో వాటా ఉంది. హెల్మెట్ తీసినా ఆ అబ్బాయి జుట్టు చెదరదు. డ్రైవింగు మాత్రం అద్భుతంగా చేస్తాడు, మాకు ఒళ్ళు మండేది అందుకే. మా కారు చక్రం ఊగుతూ గడ్డిలో కూలబడితే, అతను నింపాదిగా వెళ్ళి మూడో స్థానంలో వచ్చి, మైకుల ముందు నిలబడి, "నేను అప్పటికే లోపలున్నాను, చూసుకోవాల్సింది తనే" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక భోజనం దగ్గర మళ్ళీ ఆ మలుపే.

"బావా, కుడివైపు ఖాళీ ఉందని నువ్వేగా చెప్పావు?"

"ఖాళీ ఉందన్నది నువ్వు వదిలెయ్యమని కాదురా. అక్కడ వాడు దూరతాడు, మూసెయ్యమని."

"మూసెయ్యి అంటే మూసేవాణ్ణి. ఖాళీ ఉంది అంటే ఏం తెలుస్తుంది? ఇల్లు అద్దెకిస్తున్నట్టు!"

నా భార్య గరిటె బల్లమీద పెట్టింది. ఆమెది కళ్ళద్దాల దుకాణం. రోజంతా జనం చేత అక్షరాలు చదివించి వస్తుంది కాబట్టి ఇంటికొచ్చాక ఆమెకి కాస్త ప్రశాంతత కావాలి.

"ఇద్దరూ వినండి. ఈ బల్ల దగ్గర కారు మాట ఎత్తితే, ఎత్తినవాళ్ళు గిన్నెలు కడగాలి."

ఆ సీజనంతా గిన్నెలు మేమిద్దరమే కడిగాం. సింకు దగ్గర కారు మాట ఎత్తకూడదని ఆమె అనలేదు కదా.

తర్వాతి నెలల గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. ఎనిమిదో స్థానంలో హాయిగా పోతున్న కారు గేరుబాక్సు విరిగింది. ఇంకోచోట చక్రం మారుస్తుంటే నట్టు వంకరగా పట్టుకుని ఊడిరానంది. మెకానిక్ దానితో కుస్తీ పడుతుంటే, పక్కనుంచి అందరూ ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోవడం మేము గుడ్లప్పగించి చూశాం. మరోచోట అంతా సవ్యంగా జరిగి, ఆఖరి ల్యాపులో, అంటే ట్రాక్ మీద ఆఖరి చుట్టులో, పెట్రోలు చాలక కారు దగ్గింది. పాయింట్లు పదో స్థానం వరకే ఇస్తారు. మేము పదకొండో స్థానంలో వచ్చాం.

"పదకొండో స్థానానికి ఏమిస్తారు?" అని దుకాణంలో ఎవరో అడిగారని నా భార్య చెప్పింది.

"ఓదార్పు," అన్నాడు చిన్నోడు, ప్లేటు తుడుస్తూ.

సీజన్ సగం దాటాక మా యజమాని మమ్మల్ని తన గదిలోకి పిలిచాడు. ఆయన్ని అందరం పెద్దాయన అంటాం. ఎప్పుడూ కూర్చునే మాట్లాడతాడు, ఆ రోజు మాత్రం కిటికీ దగ్గర నిలబడ్డాడు. దాంతోనే నాకు అనుమానం వచ్చింది.

"మనకి ఇంజన్లు ఇచ్చే కంపెనీవాళ్ళు వచ్చే ఏడాది తమ డ్రైవర్ని ఒకణ్ణి పెట్టమంటున్నారు," అన్నాడు. "కాదంటే ఇంజన్లు లేవు. రెండు సీట్లలో ఒకటి ఖాళీ చెయ్యాలి. మీ ఇద్దరిలో ఎవరన్నది ఈ సీజన్ ఫలితాలు చూసి తేలుస్తాను. అంతకన్నా న్యాయంగా ఎలా చెయ్యాలో నాకు తెలియదు."

గురువుగారు గడ్డం గోక్కున్నాడు. చిన్నోడు నావైపు చూశాడు. అప్పటికి ఇద్దరికీ వచ్చిన పాయింట్లు సమానం. అంటే ఇద్దరికీ సున్నా.

బయటికి వచ్చాక గురువుగారు చిన్నోడి భుజం తట్టి, "మనసులో పెట్టుకోకు. మలుపులో కాస్త ముందే బ్రేకు వెయ్యి," అన్నాడు. పోటీదారుడికి కూడా సలహా ఇవ్వకుండా ఉండలేకపోయాడు పాపం.

*

ఆ తర్వాతి రేసు మా ఇంటికి దగ్గర్లో ఉన్న సర్క్యూట్‌లో జరిగింది. పొద్దున కారులో బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చేరిపోవచ్చు. నా భార్య ఎప్పుడూ రేసులకి రాదు. "టీవీలో అయితే కళ్ళు మూసుకోవచ్చు" అంటుంది. ఆ రోజు ఎందుకో వచ్చింది. గ్యారేజీలో వెనకగా, టైర్ల వరసల పక్కన, మెకానిక్‌లు వేసిన కుర్చీలో కూర్చుంది.

మొదలయ్యేటప్పటికే సన్నటి తుంపర. తడి ట్రాక్ మీద వాడే టైర్లు రెండు రకాలు. కొద్దిపాటి తడికి ఒకటి, జడివానకి ఇంకొకటి. కొద్ది తడిలో జడివాన టైర్లు వేస్తే అవి కాసేపటికే వేడెక్కి ముద్దయిపోతాయి. అందరూ మొదటి రకం వేశారు. మేము పద్నాలుగో స్థానంలో ఉన్నాం.

రెండో మలుపులో మూడు కార్లు ఒకదాన్నొకటి ఢీకొని, ముక్కలు ట్రాకంతా పరుచుకున్నాయి. సేఫ్టీ కారు వచ్చింది. అది ముందు నడుస్తుంటే అందరూ నెమ్మదిగా వరసలో పోవాలి. అప్పుడు చక్రాలు మార్చుకుంటే పెద్ద నష్టం ఉండదు. నేను తెర మీద మేఘాల్ని చూశాను. పడమటి నుంచి నల్లటి ముద్ద ఒకటి మా మీదికే వస్తోంది.

"చిన్నోడా, లోపలికి రా. జడివాన టైర్లు వేస్తున్నాం."

"జడివానా? బావా, ఇక్కడ ఎండ కొడుతోంది!"

"రమ్మన్నాను."

"పిచ్చెక్కిందా నీకు?"

"రారా!" అన్నాను. అప్పటికే అరుస్తున్నాను.

వచ్చాడు. పక్క టీంవాళ్ళు మా టైర్లు చూసి నవ్వడం నాకు కనబడుతూనే ఉంది. నా పక్క స్టూలు మీద కూర్చున్న గురువుగారి ఇంజనీరు మాత్రం నవ్వలేదు. నన్ను ఒకసారి చూశాడు, మేఘాల్ని ఒకసారి చూశాడు, తన డ్రైవర్ని కూడా లోపలికి పిలిచి అవే టైర్లు వేయించాడు.

తర్వాత రెండు మూడు ల్యాపులు నరకం. ఒక్కొక్కళ్ళే మమ్మల్ని దాటుతున్నారు. "టైర్లు కరిగిపోతున్నాయి బావా, జారుడుబండ మీద ఉన్నట్టుంది. ఎక్కడ నీ వాన?" అని వాడు. "ఓపిక పట్టు" అని నేను. పెద్దాయన నా వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు. అది తిట్టుకన్నా ఎక్కువ.

అప్పుడు పడింది వాన. పడటమంటే మామూలుగా కాదు. ఎదురుగా ఉన్న ప్రేక్షకుల గ్యాలరీ కనబడకుండా పోయింది. ట్రాక్ మీద కాలువలు కట్టింది. మాకు ముందున్నవాళ్ళు ఒకడు గడ్డిలోకి, ఒకడు గోడకి, మిగతావాళ్ళు టైర్లు మార్చుకోవడానికి లైను కట్టి లోపలికి. చిన్నోడు ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ పోయాడు. పదో స్థానం. ఏడు. నాలుగు. నేను స్థానాలు చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నవ్వుతున్నావా బావా?"

"రోడ్డు చూసి నడుపు."

కాసేపటికి రెండో స్థానం. ముందు దొరబాబు ఒక్కడే. వాళ్ళ టీం కూడా వాన వాసన మాతోపాటే పట్టింది. వెనక చాలా దూరంగా, మూడో స్థానంలో గురువుగారు. మా టీం చరిత్రలో ఒక కారు రెండో స్థానంలో, ఒక కారు మూడో స్థానంలో ఎన్నడూ లేవు. పెద్దాయన కూర్చున్నాడు.

"దొరబాబు టైర్లు అయిపోయాయి," అన్నాను. "రెండు ల్యాపుల్లో దొరుకుతాడు. తొందరపడకు."

"కనబడటం లేదు బావా. వాడి చక్రాల నీళ్ళే కనబడుతున్నాయి. ఆ నీళ్ళ వెనకాలే పోతున్నాను."

ఆ రోజు రేడియోలో మేము విన్న ఆఖరి మాట అదే.

సర్క్యూట్ వెనకభాగంలో ఎడమకి తిరిగే వేగమైన మలుపు ఒకటుంది. దాని పక్కన వాననీళ్ళు పోవడానికి తవ్విన లోతైన కాలువ. తెర మీద ముందు దొరబాబు చుక్క ఆగింది. తర్వాత మా చుక్క కూడా ఆగింది. అంకెలు చూశాను. వేగం తగ్గుతూ తగ్గుతూ సున్నా అయింది. దెబ్బ తగిలినట్టు ఎక్కడా లేదు. బ్రేకు సరిగ్గా వేశాడు. కారు గడ్డిమీదికి ఎక్కించి ఆపాడు. ఇంజన్ ఆగిపోయింది.

"చిన్నోడా, ఏమైంది? గేరుబాక్సా?"

జవాబు లేదు.

"గుద్దాడా వాడు? మాట్లాడు! కారు బాగానే ఉంది, స్టార్ట్ చెయ్యి! నువ్విప్పుడు మొదటి స్థానంలో ఉన్నావు! వినబడుతోందా?"

స్టీరింగు ఊడదీసినట్టు తెర మీద గుర్తు వచ్చింది. డ్రైవరు కారు దిగాలంటే ముందు దాన్నే ఊడదీయాలి. అప్పుడు కారు నెత్తిన ఉన్న కెమెరాలో వాడే కనిపించాడు. హెల్మెట్ పెట్టుకునే, కారు ముందు నుంచి పరిగెత్తుతూ, బురదలో ఒకసారి జారి లేచి, వానలో కలిసిపోయాడు.

ఎవరో నా మోచెయ్యి పట్టుకుని లాగారు. నా భార్య. పిట్ గోడ దగ్గరికి బయటివాళ్ళు రాకూడదు. వానలో నిలువునా తడిసిపోయి ఉంది.

"వాడేడండీ?"

"తెలియదు."

"తెలియదేంటి? ఇన్ని టీవీలు పెట్టుకుని కూర్చున్నారు!"

నిజమే. తెరల నిండా అంకెలే. ఆ టైర్ల వేడి తెలుసు, ఆ నూనె ఒత్తిడి తెలుసు. ఆ పిల్లాడు ఎక్కడున్నాడో తెలియదు. రేసు ఆపమని ఎర్రజెండా ఎత్తారు. కార్లన్నీ నెమ్మదిగా లోపలికి వస్తున్నాయి, మాది తప్ప.

చివరికి అధికారుల కబురు వచ్చింది. డ్రైవర్లిద్దరూ స్పృహలోనే ఉన్నారు. దొరబాబు కారు కాలువలో తలకిందులుగా పడింది. చిన్నోడు అతని దగ్గరున్నాడు.

*

వైద్యుల గదిలో చిన్నోడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఛాతీ దాకా బురద. ఒంటిచుట్టూ వెండిరంగు దుప్పటి. నా భార్య తన పైట కొంగుతోనే వాడి మొహం తుడుస్తోంది.

డాక్టరమ్మ నాకు చెప్పింది. "కాలువలో నీళ్ళు పెరుగుతున్నాయి. ఆ అబ్బాయి తలకిందులుగా వేలాడుతున్నాడు, హెల్మెట్ సగం నీళ్ళలో. బెల్టు విప్పితే మెడమీద పడతాడని మీవాడు విప్పలేదు. నీళ్ళలో కూర్చుని, తల పైకెత్తి పట్టుకున్నాడు, మావాళ్ళు వచ్చేదాకా. వాన తెరలో మావాళ్ళకి ఆ కారు కనబడనే లేదు."

"పట్టుకోకపోతే?"

"నన్ను అది అడక్కండి," అందామె.

నేను వెళ్ళి చిన్నోడి ముందు నిలబడ్డాను. ఎన్నో అనాలని ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "ఒక్క మాట చెప్పొచ్చు కదరా రేడియోలో. ఆగుతున్నానని ఒక్క మాట!"

నా భార్య తలెత్తి నన్ను చూసింది. చిన్నోడు పళ్ళు టకటకలాడుతుండగా, "చలేస్తోంది బావా," అన్నాడు.

అప్పుడే బయట ఈలలు, కేకలు వినబడ్డాయి. మా వాళ్ళవే.

వాన తగ్గలేదు, వెలుతురు తగ్గింది. రేసు అక్కడితో ముగించేశారు. రేసు అలా ఆగితే అంతకుముందు ల్యాపు పూర్తయినప్పటి స్థానాలే ఫలితం. కాని ఆగిన క్షణంలో సొంతంగా కదులుతున్న కార్లనే లెక్కలోకి తీసుకుంటారు. దొరబాబు కారు కాలువలో ఉంది, లెక్కలో లేదు. చిన్నోడి కారు గడ్డిమీద ఆగి ఉంది, అదీ లేదు. ఇక మిగిలింది మూడో స్థానంలో, ఎప్పటిలా తొందర లేకుండా వస్తున్న గురువుగారు. మా టీం మొట్టమొదటిసారి రేసు గెలిచింది.

చిన్నోడు ఆగకుండా పోయి ఉంటే, ఎంత నెమ్మదిగా నడిపినా సరే, గెలుపు వాడిది. ఇది ఊహ కాదు. నేను అంకెలు చూసే మనిషిని.

గ్యారేజీలో మెకానిక్‌లు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడుస్తున్నారు. ఆనందంతో. నన్ను కూడా కౌగిలించుకున్నారు. "నీ టైర్ల వల్లేనయ్యా!" అన్నారు. నేను వాళ్ళని విడిపించుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఫిర్యాదు చేద్దాం. వాడు చెడిపోయి ఆగలేదు, ఒకణ్ణి కాపాడటానికి ఆగాడు. ల్యాపు పూర్తయినప్పుడు రెండో స్థానంలో ఉన్నాడు. దొరబాబు లెక్కలో లేడు కాబట్టి మొదటి స్థానం వాడిదే. అడిగితే వింటారు."

పెద్దాయన మొహం ఇంకా వెలిగిపోతోంది. ఆ వెలుగు తగ్గించుకోవాలని పాపం ప్రయత్నించాడు.

"ఎవరిమీద ఫిర్యాదు చేద్దామయ్యా? గెలిచింది మన కారే. మన గెలుపు మీద మనమే ఫిర్యాదు చేసుకోవాలా?"

"సీటు సంగతి..."

"ఫలితాలు చూసి తేలుస్తానన్నాను. కాగితం మీద ఏముంటే అదే ఫలితం. నాకు బాధ లేదనుకుంటున్నావా?" నా చెయ్యి పట్టుకున్నాడు. "అలాంటి పిల్లాణ్ణి కన్నవాళ్ళు అదృష్టవంతులు. కాని నేను టీం నడపాలి."

గురువుగారు కప్పు పట్టుకుని తిన్నగా వైద్యుల గదికి వచ్చాడట. "ఇది నాది కాదు, నీది. తీసుకో" అన్నాడట. చిన్నోడు తీసుకోలేదు. "అంత వానలో ఒక్కసారి కూడా జారకుండా వచ్చారు గురువుగారూ. మీదే," అన్నాడట. నా భార్య ఈ సంగతి చెప్పినప్పుడు నాకు అనిపించింది, కప్పు ఇస్తానన్నాడు కాని సీటు ఇస్తానని అనలేదే అని. ఆయన స్థానంలో ఉంటే నేనూ అనను.

*

తర్వాతి వారాలు నాకు మరీ కష్టంగా గడిచాయి. గెలుపు చేజారితే మనిషి ఎవరో ఒకర్ని తిట్టుకుంటాడు. నట్టు బిగించినవాణ్ణి, గేరుబాక్సు చేసినవాణ్ణి, వెనక నుంచి గుద్దినవాణ్ణి. నేను ఎవర్ని తిట్టాలి? ఒక ప్రాణం నిలిచింది. ఎక్కడికి వెళ్ళినా నన్ను పట్టుకుని, "మీ బావమరిది మనిషండీ!" అంటున్నారు. నా భార్య దుకాణానికి కళ్ళు బాగున్నవాళ్ళు కూడా వచ్చి అభినందించి పోతున్నారు. క్రీడాస్ఫూర్తికి ఒక పతకం కూడా ఇచ్చారు. నేను నవ్వుతూ తల ఊపాను. "అవునండీ, కాని వాడు గెలవాల్సిందండీ" అని ఒక్కడితో అన్నాను. అతను నన్ను చూసిన చూపుకి మళ్ళీ ఇంకెవరితోనూ అనలేదు.

చిన్నోడితో మాత్రం ఆ మాట ఎత్తనే లేదు. వాడూ ఎత్తలేదు. భోజనం దగ్గర వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

ఆ పాయింట్లు చిన్నోడికి ఇక అందవని తేలి, సీటు గురువుగారికి ఖాయమైందని ప్రకటించినరోజు నేను రాజీనామా చేస్తానన్నాను. నా భార్య దుకాణం తాళాలు బల్లమీద పెట్టి, "వద్దు," అంది.

"వాణ్ణి తీసేశాక నేనెలా కూర్చుంటానే అక్కడ?"

"మీరు మానేస్తే, తనవల్లే బావ ఉద్యోగం పోయిందని వాడు దిగులు పెట్టుకుంటాడు. ఆ రోజు వాడు ఎత్తింది చాలు. ఇంకో బరువు మీరు పెట్టకండి."

మానలేదు. కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పనిలో పెట్టాను. మెకానిక్‌లు నన్ను చూస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు.

దొరబాబు, కాలువ నీళ్ళు చేరిన ఊపిరితిత్తులు బాగయి, సీజన్ ఆఖరి రేసుకి తిరిగొచ్చాడు. అంతకుముందే ఆసుపత్రి నుంచి పెద్ద పూలబుట్ట పంపాడు. ఒకసారి ఫోను చేశాడు కూడా. చిన్నోడు మేడమీద మాట్లాడాడు, ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఆ ఆఖరి రేసులో మేము తొమ్మిదో స్థానంలో ఉన్నాం. పొడిగా, ఎండగా ఉంది. ఒక్క పాయింటైనా తెచ్చుకుని వాడు తల ఎత్తుకుని వెళ్ళిపోతాడనుకున్నాను. ఆఖరి ల్యాపుల్లో దొరబాబు కొత్త టైర్లతో వెనక నుంచి వచ్చాడు. ఆ మలుపులో చోటు లేదు. అయినా దూరాడు. మా కారు రెండు చక్రాలు గడ్డిలోకి దిగి, దుమ్ము లేచి, మళ్ళీ ట్రాక్ ఎక్కేసరికి ముగ్గురు దాటిపోయారు.

నేను గోడ మీద గుద్దాను. హెడ్‌ఫోన్లు విసిరికొట్టబోయాను. ప్రాణం పోసినవాణ్ణి గడ్డిలోకి నెడతాడా? వీడి కోసమా ఆగింది? వీడి కోసమా అంతా పోగొట్టుకుంది? అప్పుడు చెవిలో నవ్వు వినిపించింది. పగలబడి నవ్వుతున్నాడు.

"చూశావా బావా? పూర్తిగా కోలుకున్నాడు వీడు!"

నాకు నవ్వు రాలేదు. మేము పన్నెండో స్థానంలో వచ్చాం.

*

చలికాలంలో చిన్నోడికి వేరే దేశంలో దూరపు పందాల టీం ఒకదాంట్లో పని దొరికింది. పైకప్పున్న కార్లు, ఒక కారుని ముగ్గురు వంతులవారీగా నడపాలి. పెద్ద పేరేమీ లేదు. వాడు సంతోషంగానే ఒప్పుకున్నాడు. వెళ్ళే రోజు పొద్దున్నే ఇంటి ముందు కారు డిక్కీలో వాడి సంచులు సర్దుతున్నాం. వాడు పెట్టింది నేను తీసి సరిగ్గా పెడుతున్నాను.

ఇక అడక్కపోతే ఎప్పటికీ అడగలేననిపించింది.

"ఒరేయ్, ఒకటి అడుగుతాను. ఆ రోజు రేడియో బాగానే ఉంది. నేను అరుస్తున్నది నీకు వినబడుతూనే ఉంది కదా?"

"వినబడింది."

"మరి స్టీరింగు తీసేముందు బొత్తాం నొక్కి ఒక్క మాట చెప్పొచ్చు కదా. ఎందుకు చెప్పలేదు?"

వాడు ఒక సంచి జిప్పు లాగాడు. అది ఇరుక్కుంది. మళ్ళీ లాగాడు.

"చెప్తే నువ్వు వద్దంటావేమో అనిపించింది బావా."

వాడు పెట్టిన సంచి ఒకటి తీసి పక్కకి జరిపాను.

"వాళ్ళు చూసుకుంటారు, నువ్వు పద అంటావేమోనని," అన్నాడు మెల్లగా. కోపంగా అనలేదు. దారి అడిగితే చెప్పినట్టు చెప్పాడు. "నువ్వంటే నేను వెళ్ళిపోయేవాణ్ణి. ఎంత వాదించినా ఆఖరికి నీ మాటే వింటాను కదా. అందుకని నొక్కలేదు."

"నేను అలా అనేవాణ్ణి కాదురా."

"అనేవాడివి కాదులే," అన్నాడు వెంటనే. మరీ వెంటనే అన్నాడు.

తలెత్తి చూస్తే గుమ్మంలో నా భార్య, వాడి చలికోటు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఊరు వదిలి వెళ్ళే తమ్ముడి వైపు చూడటం లేదు. నావైపు చూస్తోంది. మెట్లు దిగి వచ్చి కోటు వాడి భుజాల మీద వేసింది.

"అక్కడ చలి ఎక్కువట. చేరగానే ఫోను చెయ్యి," అంది.

కారు వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం నిలబడ్డాం. లోపలికి వచ్చాక ఆమె దుకాణానికి తయారవుతూ అటూ ఇటూ తిరిగింది. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమె అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పడానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. నేను అలా అనేవాణ్ణి కాదు, ఒట్టు, అనేవాణ్ణి కాదు అని.

ఆమె చెప్పులు వేసుకుని, గొడుగు తీసుకుని, "తలుపు వేసుకోండి" అని వెళ్ళిపోయింది.

ఇప్పటిదాకా అడగలేదు.